వెనక్కి తిరిగి ఉండే మూడో వరుస సీటు: ఎవరికి సరిపోతుంది, ఎవరికి వద్దు

ఇంట్లో ముగ్గురో నలుగురో పిల్లలుండి, అయిదు సీట్ల కారు చాలడం లేదనిపించినప్పుడు పరిశీలనకు వచ్చే బండ్లలో స్టేషన్ వ్యాగన్ (పైకప్పు వెనుక దాకా సాగి, డిక్కీ కూడా లోపలి భాగంలోనే కలిసి ఉండే పొడవాటి కారు) ఒకటి. దాని డిక్కీ నేలలో మడిచి ఉంచిన రెండు చిన్న సీట్లను పైకి లేపితే, పిల్లలు వెనుక అద్దం వైపు ముఖం పెట్టి కూర్చుంటారు. పిల్లలకు ఈ చోటు ఎంత ఇష్టమో, పెద్దలకు దానిమీద అంత అనుమానం. వెనుక నుంచి ఏదైనా వచ్చి గుద్దితే పిల్లల మోకాళ్లే బంపర్ అవుతాయని కొందరు భయపడతారు. ముందు నుంచి ఢీకొన్నప్పుడు వెనక్కి తిరిగి కూర్చోవడమే మేలని మరికొందరు వాదిస్తారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. అయితే సీటు ఎటు తిరిగి ఉందన్న ఒక్క విషయాన్ని బట్టి నిర్ణయం తీసుకోకూడదు. పిల్లవాడికీ బండి వెనుక లోహానికీ మధ్య ఎంత ఖాళీ ఉంది, ఆ సీటు ఆ పిల్లవాడి కొలతకు తయారైనదేనా అన్న రెండు ప్రశ్నలే అసలైనవి. ఈ వ్యాసంలో ఈ సీటును పక్కకు తిరిగి ఉండే సీట్లతో, ఎస్‌యూవీల మూడో వరుసతో, మినీవ్యాన్‌తో, రెండో వరుసలోనే ముగ్గురిని కూర్చోబెట్టే పద్ధతితో పోల్చి చూద్దాం.

దేన్నిబట్టి పోల్చాలి

మొదటిది, దెబ్బ ఏ దిశ నుంచి వస్తుందన్నది. అమెరికా లెక్కల్లో కారు ప్రయాణికుల మరణాలలో సగానికి పైగా ముందు నుంచి ఢీకొన్న ప్రమాదాలవే. పక్క నుంచి తగిలిన దెబ్బలవి సుమారు నాలుగో వంతు. వెనుక నుంచి తగిలిన దెబ్బలతో పోయేవారు పదో వంతుకన్నా చాలా తక్కువ. వెనక్కి తిరిగిన సీటును సమర్థించేవారు చూపించేవి ఈ అంకెలే. కానీ ఇవి ప్రధానంగా ముందు వరుసలోనూ రెండో వరుసలోనూ కూర్చున్నవారి లెక్కలు. వారికి వెనుక ఒక డిక్కీ మొత్తం రక్షణగా ఉంటుంది. ఆ డిక్కీలోనే కూర్చున్నవారికి ఇదే నిష్పత్తి వర్తిస్తుందని అనుకోవడం పొరపాటు.

రెండోది, శరీరం మీద పడే బలం ఎలా పంచబడుతుందన్నది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు గోడను ఢీకొని, ముందు భాగం 60 సెంటీమీటర్ల మేర నలిగి ఆగిందనుకుందాం. లోపలివారి మీద గురుత్వాకర్షణకు సుమారు 16 రెట్ల బలం పడుతుంది. అంటే 25 కిలోల పిల్లవాడు ఆ క్షణంలో దాదాపు 400 కిలోల బరువులా ముందుకు తోసుకుపోతాడు. ముందుకు తిరిగి కూర్చుంటే ఆ బలాన్నంతా నడుము దగ్గరా భుజం మీదా ఉన్న సన్నని బెల్టు పట్టీ ఆపాలి. తలను ఆపేది మెడ ఒక్కటే. వెనక్కి తిరిగి కూర్చుంటే వీపు, భుజాలు, తల అన్నీ ఒకేసారి సీటుకు అదుముకుంటాయి. చిన్నపిల్లల చైల్డ్ సీట్లను వెనక్కి తిప్పి అమర్చడం వెనుక ఉన్న సూత్రం ఇదే. స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ 1964లో అలాంటి సీటుకు తొలి నమూనా తయారు చేసినప్పుడు, ప్రయోగ సమయంలో వ్యోమగాములు వీపు మీద బలాన్ని మోసే తీరు ఆయనకు ప్రేరణ అయింది.

ఈ సూత్రం పనిచేయడానికి ఒక షరతు ఉంది. సీటు వీపు తల పైభాగం దాకా రావాలి, విరగకుండా నిలవాలి. ఇద్దరు పిల్లలుంటే పై లెక్క ప్రకారం దాని మీద 800 కిలోల తోపు పడుతుంది. నేలలోంచి మడిచి లేపే సీటును అంత బలానికి పట్టి ఉంచేది దాని లాకు, దాని వెనుక నిలబడి ఉన్న రెండో వరుస సీటు. అందుకే రెండో వరుస సీట్లు నిటారుగా నిలిచి, లాకు పడి ఉన్నప్పుడే మూడో వరుసను వాడుకోవాలి.

మూడోది, వెనుక ఉన్న ఖాళీ. ముందు బంపర్‌కూ డ్రైవర్‌కూ మధ్య ఇంజను, దాని చుట్టూ నలగడానికి తయారైన లోహం ఉంటాయి. డిక్కీలో కూర్చున్న పిల్లవాడి పాదాలకూ వెనుక తలుపుకూ మధ్య ఉండేది చాలాసార్లు ఒక జానెడే. వెనుక ప్రమాదాలు అరుదే అయినా అవి జరిగే తీరును మరచిపోకూడదు. సిగ్నల్ దగ్గరో, హైవే మీద వాహనాల వరుస చివరో ఆగి ఉన్న కారును వేగం తగ్గించని లారీ వచ్చి గుద్దినప్పుడు, కారులోని మిగతావారు మెడనొప్పితో బయటపడే దెబ్బ కూడా ఆఖరి వరుసలో ఉన్నవారికి ప్రాణాంతకం కావచ్చు.

ఇక మిగిలినవి: బెల్టు రకం, చైల్డ్ సీటు అమర్చే వీలు, ప్రమాదం తరువాత బయటకు రాగలగడం. ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ, చాలా కుటుంబాలకు ఎంపిక వీటి దగ్గరే తేలిపోతుంది.

స్టార్ రేటింగ్ చూసి నిర్ణయించవచ్చా?

ఈ విషయంలో వీలు కాదు. అమెరికా నిబంధన ప్రకారం వెనుక నుంచి గంటకు 80 కిలోమీటర్ల వేగంతో, బండి వెడల్పులో 70 శాతం మేర తగిలేలా ఒక కదిలే అడ్డంకితో ఢీకొట్టి పరీక్షిస్తారు. అయితే ఆ పరీక్ష చూసేది ఇంధనం కారుతోందా లేదా అన్నదే. ఐక్యరాజ్యసమితి నిబంధనల్లో 153వది కూడా గంటకు 50 కిలోమీటర్ల వెనుక దెబ్బలో ఇంధన, విద్యుత్ వ్యవస్థల భద్రతనే పరీక్షిస్తుంది. కార్లను పరీక్షించి నక్షత్రాలిచ్చే యూరోపియన్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ చేసే మెడ గాయాల పరీక్షలు సీట్లను బండిలోంచి తీసి వేరుగా చేసేవే. ముందు ఢీ పరీక్షల్లో వెనుక మనిషికి బదులుగా బొమ్మను కూర్చోబెట్టినా అది రెండో వరుసలోనే ఉంటుంది. మూడో వరుసలో ఉన్న పిల్లవాడికి వెనుక దెబ్బలో ఏమవుతుందో ఏ స్టార్ రేటింగూ చెప్పదు. ఈ లోపం వ్యాగన్‌కే కాదు, అయిదు నక్షత్రాలు తెచ్చుకున్న పెద్ద ఎస్‌యూవీకి కూడా ఉంది.

వెనక్కి తిరిగిన సీటు: మూడు రకాల బండ్లు

వీటన్నింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే చర్చ ఎటూ తేలకుండా పోతుంది. 1957లో క్రైస్లర్ సంస్థ వ్యాగన్లలో వచ్చిన సీటుకూ, 2012లో వచ్చిన టెస్లా మోడల్ ఎస్‌లో ఐచ్ఛికంగా ఇచ్చిన సీటుకూ పోలిక కూర్చునే దిశలో తప్ప మరెందులోనూ లేదు.

పాత అమెరికన్ వ్యాగన్లను ముందుగా చూద్దాం. 1977 తరువాతి జనరల్ మోటార్స్ పెద్ద వ్యాగన్లు, 1996 వరకు వచ్చిన బ్యూయిక్ రోడ్‌మాస్టర్, ఫోర్డ్ టారస్ వ్యాగన్ ఈ కోవలోవి. ఈ తరం వెనుక సీట్లలో ఎక్కువగా ఉండేది నడుము పట్టీ మాత్రమే. ముందు ఢీలో వీపు సీటుకు ఆనుకుంటుంది కాబట్టి నడుము పట్టీతో ఎలాగో నెట్టుకురావచ్చు. వెనుక దెబ్బలో మాత్రం పై శరీరాన్ని పట్టుకునేది ఏదీ ఉండదు. పిల్లవాడు నడుము దగ్గర మడతపడి తల అద్దం వైపు పోతుంది, పట్టీ పొట్టలోకి దిగుతుంది. తలకు ఆనిక ఉండే సీట్లు తక్కువ. మరొక అపాయం ప్రమాదంతో సంబంధం లేనిది: వెనుక తలుపు అద్దాన్ని కిందికి దించి నడిపితే బండి వెనుక ఏర్పడే సుడిగాలి పొగగొట్టం నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌ను నేరుగా పిల్లల దగ్గరకే లాక్కొస్తుంది. పాత బండి అందమంతా ఆ దించిన అద్దంలోనే ఉందనేవారున్నారు. పిల్లలు వెనుక ఉన్నప్పుడు దాన్ని మూసి ఉంచాల్సిందే.

రెండో రకం వోల్వో, మెర్సిడెస్ వ్యాగన్లు. ఇవి ఈ సీటును పిల్లల కోసమే తయారు చేశాయి. పెద్దవాళ్లు కూర్చోవడానికి పనికిరావని స్పష్టంగా చెప్పాయి. వోల్వో వీ70, 2000 తరువాతి మెర్సిడెస్ ఈ-క్లాస్ వంటి తరాల్లో మూడు బిందువుల బెల్టులు (నడుముతో పాటు ఒక భుజాన్నీ పట్టేవి), తల ఆనికలు వచ్చాయి. కూర్చునేవారి ఎత్తుకూ బరువుకూ పరిమితులను మాన్యువల్‌లో రాశారు. ఆ పరిమితులను లాంఛనంగా తీసుకోకూడదు. తల పైకప్పుకు తగలకూడదు, సీటు వీపును దాటి పైకి రాకూడదు, బెల్టు మెడ మీద కాక భుజం మీద పడాలి అన్న మూడు షరతుల నుంచి పుట్టిన అంకెలవి.

మూడోది టెస్లా మోడల్ ఎస్. రూపంలో అది వ్యాగన్ కాదు గానీ ఈ ప్రశ్నకు తయారీదారు ఇచ్చిన అత్యంత సూటి జవాబు అందులో కనిపిస్తుంది. సుమారు 16 నుంచి 35 కిలోల పిల్లల కోసం తయారైన ఆ సీట్లకు అయిదు బిందువుల బెల్టు (రెండు భుజాలనూ, నడుమునూ, కాళ్ల మధ్యనూ పట్టేది) పెట్టారు. మూడో వరుస కోరినవారికి వెనుక రెండో బంపర్‌ను ఫ్యాక్టరీలోనే అమర్చేవారు. వెనుక ఖాళీ చాలదని తయారీదారే గుర్తించి అదనపు లోహం పెట్టాడంటే, ఏ అదనపు బలమూ లేని బండిలో ఈ సీటుకు ఎంత లోటు ఉందో ఊహించుకోవచ్చు. మరొక బండి నుంచి సీట్లు తెచ్చి బిగించుకునే ఆలోచన ఉన్నవారు ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు.

ఈ మూడింటికీ ఉమ్మడిగా ఉన్న ఇబ్బంది చైల్డ్ సీట్లది. చైల్డ్ సీట్లను పరీక్షించేది ముందుకు తిరిగిన సీటు మీదే. వెనక్కి తిరిగిన బండి సీటు మీద పసిపిల్లల సీటును పెడితే అది ముందుకు తిరిగినట్టవుతుంది. దాని ప్రయోజనమే పోతుంది. అందువల్ల చైల్డ్ సీటు తయారీదారులు దాదాపుగా ఇలాంటి అమరికను ఒప్పుకోరు. అంటే చైల్డ్ సీటు అవసరం దాటినవాడై, సీటు వీపును మించి ఎదగనివాడై ఉండాలి. బెల్టు తనంతట తాను పెట్టుకోగలిగి, దారి పొడవునా దాన్ని తియ్యకుండా కూర్చోగలగాలి. లెక్క వేస్తే ఒక్కో పిల్లవాడికి ఈ అర్హత నాలుగైదేళ్లకు మించి ఉండదు. పదేళ్లు వాడదామనుకుని వ్యాగన్ కొనేవారు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

పక్కకు తిరిగిన సీట్లు

ఫోర్డ్ కంట్రీ స్క్వైర్ వంటి వ్యాగన్లలో డిక్కీలో ఎదురెదురుగా మడత సీట్లుండేవి. వీటి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ముందు దెబ్బలోనూ వెనుక దెబ్బలోనూ శరీరం పక్కకే వంగుతుంది, మెడ పక్కకు మెలితిరుగుతుంది, బెల్టు పనిచేయవలసిన దిశలో పనిచేయదు. యూరోపియన్ యూనియన్ 2007 నుంచి కొత్త కార్లలో పక్కకు తిరిగిన సీట్లను నిషేధించింది. ఎంత చవకగా వచ్చినా, కదిలే బండిలో వీటి మీద పిల్లలను కూర్చోబెట్టవద్దు.

ఎస్‌యూవీలో ముందుకు తిరిగిన మూడో వరుస

వ్యాగన్ మానేసి చాలామంది కొనేది ఇదే. బెల్టు మూడు బిందువులది, తల ఆనిక ఉంటుంది, చాలా బండ్లలో పక్క కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ మూడో వరుస దాకా వస్తుంది. పాత వ్యాగన్‌తో పోలిస్తే ఇది స్పష్టమైన మెరుగుదల. కానీ సీటు ముందుకు తిరగగానే వెనుక దెబ్బ బెడద తీరిందనుకోవడం సరికాదు. చిన్న, మధ్యరకం ఎస్‌యూవీలలో ఆఖరి వరుసలో కూర్చున్నవారి తల వెనుక భాగానికీ అద్దానికీ మధ్య పట్టుమని జానెడు ఖాళీ ఉండదు. వ్యాగన్‌లో పాదాలు, మోకాళ్లు ఉండే చోట ఇక్కడ తల, వెన్ను ఉంటాయి. అందుకే షోరూమ్‌లో ఎన్ని సీట్లని అడిగే ముందు మూడో వరుస లేపి, తల ఆనిక నుంచి వెనుక అద్దం దాకా చేత్తో కొలిచి చూడటం మంచిది.

మినీవ్యాన్

దీన్ని ఇష్టపడి కొనేవారు తక్కువ, కొన్న తరువాత మెచ్చుకునేవారు ఎక్కువ. మూడో వరుస సీటు మడిచి దాచుకునే లోతైన గుంత ఆ సీటు వెనుకే ఉంటుంది. సీటు లేపినప్పుడు ఆ గుంత సామాను పెట్టుకునే చోటుగానూ, వెనుక నలిగే ఖాళీగానూ పనిచేస్తుంది. జారే తలుపుల వల్ల పిల్లలు మూడో వరుసలోకి నడిచి వెళ్లి, నడిచి రాగలరు. చైల్డ్ సీటు బిగించే ఏర్పాటు మూడో వరుసలో కూడా చాలా మోడళ్లలో ఉంటుంది. ఎన్ని చోట్ల ఉందో మాత్రం మోడల్‌ను బట్టి చూసుకోవాలి. రోజూ ఆరుగురు, ఏడుగురు ప్రయాణించే ఇంటికి నా మొదటి సిఫారసు ఇదే, రూపం గురించి ఎవరేమన్నా సరే.

మూడో వరుసే వద్దనుకుంటే

పిల్లలు ముగ్గురే అయితే అసలు మూడో వరుస అవసరమా అన్న ప్రశ్న ముందు వేసుకోవాలి. సుమారు 43 సెంటీమీటర్ల వెడల్పు ఉండే సన్నని చైల్డ్ సీట్లు దొరుకుతున్నాయి. మూడింటికి 129 సెంటీమీటర్లు. వెడల్పైన సెడాన్‌లోనో వ్యాగన్‌లోనో రెండో వరుస దీనికి సరిపోతుంది. వెనుక డిక్కీ మొత్తం, ముందు ఇంజను భాగం మొత్తం కాపాడే ఈ వరుసకు మించిన చోటు కారులో లేదు. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, మధ్యలో బూస్టర్ (బండి బెల్టు సరిగా పడేలా పిల్లవాణ్ని ఎత్తులో కూర్చోబెట్టే సీటు) మీద కూర్చున్న పిల్లవాడి బెల్టు బకిల్ రెండు సీట్ల మధ్య కూరుకుపోయి, వేళ్లు దూరక ప్రతి ప్రయాణానికీ ఒక పోరాటమవుతుంది. బూస్టర్ వాడేవాణ్ని తలుపు పక్కకూ, సొంత బెల్టులున్న చైల్డ్ సీటును మధ్యకూ మార్చి చూస్తే చాలాసార్లు ఈ చిక్కు తీరుతుంది.

| ఎంపిక | ముందు ఢీ | వెనుక ఢీ | చైల్డ్ సీటు | బయటకు రావడం |
|---|---|---|---|---|
| పాత వ్యాగన్, నడుము పట్టీ | వీపు ఆనిక ఉంది, తలకు తక్కువ | చాలా బలహీనం | కుదరదు | వెనుక తలుపు నొక్కుకుపోతే కష్టం |
| తరువాతి వ్యాగన్, మూడు లేదా అయిదు బిందువుల బెల్టు | కొలతకు సరిపోయిన పిల్లలకు బాగుంటుంది | బండి నిర్మాణాన్ని బట్టి, మొత్తం మీద బలహీనం | దాదాపు కుదరదు | అదే ఇబ్బంది |
| పక్కకు తిరిగిన సీటు | చెడ్డది | చెడ్డది | కుదరదు | కష్టం |
| చిన్న ఎస్‌యూవీ మూడో వరుస | బాగుంటుంది | తల వెనుక ఖాళీ తక్కువ | కొన్నింటిలో | రెండో వరుస మడవాలి |
| మినీవ్యాన్ | బాగుంటుంది | మూడో వరుసల్లో మెరుగైనది | చాలావాటిలో | సులభం |
| రెండో వరుసలో ముగ్గురు | బాగుంటుంది | అన్నిటికన్నా మెరుగు | కుదురుతుంది, ఇరుకు | సులభం |

ఎవరికి ఏది

పిల్లలందరూ అయిదేళ్ల లోపువారైతే వెనక్కి తిరిగిన సీటు మీకు ఇప్పట్లో అక్కరకు రాదు. రెండో వరుసలో ముగ్గురు, లేదా మినీవ్యాన్. ఆరు నుంచి పదేళ్ల మధ్య పిల్లలుండి, అప్పుడప్పుడూ వారి స్నేహితులనో బంధువుల పిల్లలనో ఊళ్లోనే తిప్పవలసి వస్తే, మూడు బిందువుల బెల్టులున్న తరువాతి తరం వ్యాగన్‌ను నిశ్చింతగా కాకపోయినా సబబుగానే ఎంచుకోవచ్చు. నెమ్మదైన వీధుల్లో వెనుక దెబ్బ తీవ్రత తక్కువ. ముందు దెబ్బలో ఆ సీటు తన పని తాను చేస్తుంది. అదే కుటుంబం సెలవుల్లో లారీలు తిరిగే హైవే మీద గంటల తరబడి వెళ్లాలంటే ఆ సీట్లను మడిచి సామాను పెట్టుకుని, మిగిలినవారికి వేరే ఏర్పాటు చూసుకోవాలి. దూర ప్రయాణంలో వెనక్కి చూస్తూ కూర్చున్న పిల్లల్లో కొందరికి కడుపులో తిప్పడం కూడా మామూలే. ఏసీ గాలి అక్కడిదాకా సరిగా రాకపోతే అది మరీ ఎక్కువవుతుంది.

టీనేజీ పిల్లలకు ఈ సీటు ఏ తరానిదైనా పనికిరాదు. తల సీటు వీపును దాటిన క్షణమే ముందు ఢీలో ఉన్న ఒక్క లాభమూ పోయి, నష్టాలన్నీ మిగులుతాయి. పాత అమెరికన్ వ్యాగన్ ఇప్పటికే ఇంట్లో ఉన్నవారు దానికి భుజం బెల్టు బిగించుకుందామనుకుంటారు. బండి లోహంలో తయారీదారు పెట్టిన బలమైన బిగింపు చోటు లేకుండా ఎక్కడో రంధ్రం వేసి బిగించిన బెల్టు, ప్రమాదంలో ఊడివచ్చేదే. ఆ బండిని అయిదుగురికే వాడుకోవడం మేలు.

సెకండ్ హ్యాండ్‌లో కొనేముందు

ఈ సీట్లున్న బండ్లు ఇప్పుడు ఎక్కువగా పాతవే దొరుకుతాయి కాబట్టి, చూడటానికి వెళ్లినప్పుడు పిల్లవాణ్ని వెంట తీసుకెళ్లాలి. సీటు లేపి కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, వెనుక తలుపును చేత్తో పట్టుకుని నెమ్మదిగా దించండి. పాదాలు ఎక్కడ ఉంటున్నాయి, అద్దం నుదుటికి ఎంత దగ్గరగా వస్తోంది అన్నవి ఆ రెండు మూడు సెకన్లలోనే తెలుస్తాయి. తలుపు మూశాక పక్క నుంచి చూసినప్పుడు తల పైభాగం సీటు వీపు అంచుకన్నా కిందే ఉండాలి. సీటు వీపును రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపితే లాకు కదలకూడదు. బెల్టును ఒక్కసారి జాడించి లాగితే పట్టుకోవాలి.

తరువాత డిక్కీ కార్పెట్ ఎత్తి, దీపం వేసి నేల రేకు చూడండి. అతుకుల దగ్గర పూసిన సీలెంట్ ఒకచోట నున్నగా, మరోచోట వేలితో రాసినట్టు ముద్దగా ఉన్నా, రేకు మీద అలల్లాంటి ముడతలున్నా, రంగు తుంపరలు రబ్బరు మీద పడి ఉన్నా, వెనుక నుంచి దెబ్బ తిని బాగు చేయించిన బండి అది. మామూలు వాడకానికి అలాంటిది సరిపోవచ్చు. పిల్లలను డిక్కీలో కూర్చోబెట్టడానికి మాత్రం సరిపోదు. వెనుక తలుపును లోపలి నుంచి తెరిచే వీలుందా అని కూడా చూడండి. లేకపోతే ప్రమాదం తరువాత పిల్లలు రెండో వరుస మీదుగా ఎక్కి రావలసిందే, కాబట్టి ఆ సీటును మడిచే మీట వారి చేతికి అందుతుందో లేదో అక్కడే పరీక్షించాలి. వెనుక తలుపుకు సైకిల్ క్యారియర్ తగిలించి ఉంటే, మూడో వరుసలో పిల్లలున్న రోజు దాన్ని తీసేయాలి. దాని వల్ల తలుపు పూర్తిగా తెరుచుకోదు, గుద్దినప్పుడు సైకిలే ముందుగా అద్దంలోకి వస్తుంది.